మానేసిన పార్టీల రికార్డులు చెరపకుండా సర్దుకోవడం ఎలా: కాంటాక్ట్ సాఫ్ట్‌వేర్ వాడే వ్యాపారులకు సమగ్ర మార్గదర్శి

రాణిగంజ్‌లో పంపులు, మోటార్లు అమ్మేవాళ్ల నుంచి మాదాపూర్‌లో పదిమందితో ఆఫీసు నడిపేవాళ్ల దాకా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మానేసిన పార్టీని సాఫ్ట్‌వేర్‌లో ఏం చేయాలండీ? తీసేస్తే పాత వివరాలు పోతాయని భయం. ఉంచితే లిస్టు నిండా పనికిరాని పేర్లే."

పార్టీ అంటే మన దగ్గర సరుకు కొనే సంస్థ లేదా మనిషి. మానేసిన పార్టీని తీసేయొద్దు, అలాగే వదిలేయొద్దు. ఆ సంబంధం ఫలానా రోజుతో ముగిసిందని తేదీ వేసి పెట్టాలి. చాలా ఆఫీసుల్లో ఇది జరగదు. పాత మేనేజర్ పేరు మీదే కొత్త మేనేజర్ పేరు టైప్ చేసేస్తారు. దాంతో ఐదేళ్ల కొటేషన్లు, ఒప్పుకున్న డిస్కౌంట్లు, చేసిన కంప్లైంట్లు అన్నీ నిన్న చేరిన మనిషివే అన్నట్టు కనబడతాయి. తర్వాత ఎవరు ఏం మాటిచ్చారో ఎవరికీ తెలియదు.

కింద చెప్పిన పనులను అదే వరుసలో చేయండి. వరుస తప్పితే, ముఖ్యంగా డూప్లికేట్లు కలిపే పని ముందే చేసేస్తే, వెనక్కి రావడం కష్టం.

## 1. ముందుగా బ్యాకప్

సాఫ్ట్‌వేర్‌లో ఒక్క పేరు ముట్టుకునే ముందు మొత్తం లిస్టు బయటికి తీసి పెట్టుకోండి. సీఎస్‌వీ ఫైల్ ఒకటి, వీసీఎఫ్ ఫైల్ ఒకటి. మొదటిది ఎక్సెల్‌లో చూసుకోవడానికి, రెండోది అవసరమైతే ఫోన్‌లోకి తిరిగి ఎక్కించుకోవడానికి. ఫైల్ పేరులో తేదీ ఉండాలి. ఒక కాపీ కంప్యూటర్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంచండి.

సీఎస్‌వీ ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి తెరిచి సేవ్ కొట్టొద్దు. ఎక్సెల్ మూడు చోట్ల దెబ్బ కొడుతుంది.

మొదటిది, 040తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ నంబర్ల ముందు సున్నా ఎగిరిపోతుంది. రెండోది, 91 కలిపి రాసిన పన్నెండంకెల మొబైల్ నంబరు కుదించిన రూపంలోకి మారుతుంది, అలాగే సేవ్ చేస్తే చివరి అంకెలు పోతాయి. మూడోది, తెలుగులో రాసిన పేర్లు పిచ్చి గుర్తులుగా కనబడొచ్చు. అందుకే ఎక్సెల్‌లో డేటా మెనూలోకి వెళ్లి టెక్స్ట్ ఫైల్ నుంచి తెచ్చుకునే దారిలో తెరవండి. తెలుగు అక్షరాలు సరిగ్గా కనబడేందుకు యూటీఎఫ్-8 ఎంచుకోండి, నంబర్లున్న కాలమ్‌లన్నీ టెక్స్ట్ అని పెట్టండి.

తేదీలు ఎప్పుడూ సంవత్సరం-నెల-రోజు వరుసలో రాయండి, 2023-04-03 లాగా. 03-04-2023 అని రాస్తే ఒక కంప్యూటర్‌లో ఏప్రిల్ 3, ఇంకో కంప్యూటర్‌లో మార్చి 4 అవుతుంది. ముగింపు తేదీలతో చేసే పనిలో ఈ గందరగోళం మనకు వద్దు.

బ్యాకప్ అయ్యాక సమాచారం ఎక్కడెక్కడ ఉందో చూసుకోండి:

☐ యజమాని ఫోన్, సేల్స్ వాళ్ల ఫోన్లు
☐ ట్యాలీలో (బిల్లులు, లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) పార్టీల లెడ్జర్లు, అంటే ఖాతాలు
☐ కౌంటర్ సొరుగులో రబ్బరు బ్యాండ్ వేసిన విజిటింగ్ కార్డులు
☐ ఆఫీసు ఈమెయిల్
☐ వాట్సాప్ గ్రూపులు

వీటిలో ట్యాలీకి ఎక్కువ విలువ ఇవ్వండి. మనిషి జ్ఞాపకం తప్పొచ్చు గానీ చివరి బిల్లు తేదీ తప్పదు.

## 2. మనిషి వేరు, సంస్థ వేరు, సంబంధం వేరు

ఈ పనంతటికీ ఇదే పునాది. ఇక్కడ తొందరపడకండి.

మనం మామూలుగా ఒక కాంటాక్ట్ అని రాసుకునే దాంట్లో మూడు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి మనిషి: పేరు, సొంత నంబరు. రెండోది సంస్థ: పేరు, చిరునామా, జీఎస్‌టీ నంబరు. మూడోది ఆ ఇద్దరి మధ్య సంబంధం: ఏ హోదా, ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా. మనిషి ఉంటాడు, సంస్థా ఉంటుంది. ముగిసేది సాధారణంగా ఈ మూడోదే. అందుకే తేదీలు వేయాల్సింది దానికే.

ఒక ఉదాహరణ చూద్దాం. బాలానగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్ ఉంది. మనతో నాలుగేళ్లు బేరాలాడిన పర్చేజ్ మేనేజర్ అక్కడ మానేసి జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో చేరాడు. ఇప్పుడు ఉండాల్సిన వరుసలు ఇవి:

- పాత మేనేజర్, ఫ్యాబ్రికేషన్ యూనిట్, పర్చేజ్ మేనేజర్, మొదలు 2019-06, ముగింపు 2023-08-31, కారణం: ఉద్యోగం మారారు
- అదే మనిషి, మందుల ఫ్యాక్టరీ, స్టోర్స్ అండ్ పర్చేజ్, మొదలు 2023-09-04, ముగింపు ఖాళీ
- కొత్త మేనేజర్, ఫ్యాబ్రికేషన్ యూనిట్, పర్చేజ్ మేనేజర్, మొదలు 2023-09, ముగింపు ఖాళీ

మనుషులు ఇద్దరు, సంస్థలు రెండు, సంబంధాలు మూడు. రేపు ఫ్యాబ్రికేషన్ యూనిట్ పేజీ తెరిస్తే ఇప్పుడు ఎవరితో మాట్లాడాలో, 2021లో ఎవరితో మాట్లాడామో రెండూ తెలుస్తాయి. పాత మేనేజర్ పేజీ తెరిస్తే, మందుల ఫ్యాక్టరీలో మనకు తెలిసిన మనిషి ఉన్నాడని గుర్తొస్తుంది. కొత్త ఆర్డరుకు అదే దారి.

ఇందులో ఇంకో మెట్టు ఉంది. మనిషికీ సంస్థకూ ఉన్న సంబంధం ఒకటి, ఆ సంస్థకూ మనకూ ఉన్న సంబంధం ఇంకొకటి. మేనేజర్ మానేస్తే మొదటిది ముగుస్తుంది, రెండోది నడుస్తూనే ఉంటుంది. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ నష్టం చేసింది ఈ రెండూ కలిపేయడమే. మేనేజర్ వెళ్లిపోయాడని పార్టీనే 'పాతది' అని గుర్తు పెట్టేస్తారు. ఆరు నెలలు అటువైపు ఎవరూ ఫోన్ చేయరు. ఈలోపు కొత్త మేనేజర్ వేరే షాపులో ఖాతా తెరిచేస్తాడు.

## 3. 'పాత' అని దేన్ని అనాలి

సాఫ్ట్‌వేర్‌లో టిక్ పెట్టే ముందు మీ ఆఫీసులో అందరూ కూర్చుని ఈ మాటకు అర్థం ఖాయం చేసుకోండి. అరగంట చాలు. లేకపోతే ఒక్కొక్కరు ఒక్కోలా గుర్తు పెడతారు.

నేను వాడే కారణాల జాబితా ఇది. ఇంతకన్నా పెంచొద్దు, పెంచితే ఎవరూ సరిగ్గా ఎంచుకోరు.

- ఉద్యోగం మారారు లేదా రిటైరయ్యారు
- సంస్థ మూతపడింది
- యజమాని కాలం చేశారు
- వాళ్లు మన దగ్గర కొనడం మానేశారు
- మనమే ఇవ్వడం ఆపేశాం
- కాంట్రాక్టు గడువు తీరింది

కొన్ని మార్పులు ముగింపులా కనిపిస్తాయి గానీ కావు. షాపు బేగంబజార్ నుంచి కాటేదాన్‌కు మారితే అది చిరునామా మార్పు మాత్రమే. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చాక బాలానగర్, జీడిమెట్ల రంగారెడ్డి జిల్లా నుంచి మేడ్చల్-మల్కాజిగిరిలోకి వచ్చాయి. పాత రికార్డులో రంగారెడ్డి, కొత్త బిల్లులో మేడ్చల్ అని ఉంటే అవి రెండు సంస్థలని అనుకోకండి.

సంస్థ మారిందా, పేరే మారిందా తేల్చుకోవడానికి జీఎస్‌టీ నంబరు బాగా పనికొస్తుంది. పదిహేను అక్షరాల ఆ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రం, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఆ తర్వాతి పది అక్షరాలు పాన్. పాన్‌లో నాలుగో అక్షరం పీ అయితే వ్యక్తి, ఎఫ్ అయితే భాగస్వామ్య సంస్థ, సీ అయితే కంపెనీ.

భాగస్వామ్య సంస్థ ప్రైవేట్ లిమిటెడ్‌గా మారితే పాన్ మారుతుంది, జీఎస్‌టీ నంబరూ మారుతుంది. అప్పుడు పాత సంస్థకు ముగింపు తేదీ వేసి, కొత్త సంస్థకు వేరే రికార్డు తెరిచి, 'దీని స్థానంలో వచ్చింది' అని రెండింటినీ కలపండి. పాన్ మారకుండా బోర్డు మీద పేరే మారితే అదే రికార్డు ఉంచి, పాత పేరును 'ఇతర పేర్లు' అనే చోట రాయండి.

ఈ పది అక్షరాలతో ఇంకో ఉపయోగం ఉంది. సొంత పేరు మీద వ్యాపారం చేసే మనిషి ఎన్ని షాపుల పేర్లు మార్చినా పాన్ ఒకటే. కొత్త పార్టీ ఖాతా తెరిచే ముందు ఆ పది అక్షరాలతో పాత రికార్డుల్లో వెతికితే, నాలుగేళ్ల కిందట బాకీ పెట్టి షట్టర్ దించేసిన మనిషే కొత్త బోర్డుతో వచ్చాడా అన్నది నిమిషంలో తెలుస్తుంది. పాత రికార్డు చెరిపేసిన వాళ్లకు ఈ అవకాశం ఉండదు.

## 4. స్తబ్దంగా ఉన్నదీ ముగిసిందీ ఒకటి కాదు

ఆరు నెలలుగా బిల్లు లేదంటే పార్టీ పోయినట్టేనా? అది సరుకును బట్టి ఉంటుంది. కూలర్ల విడిభాగాలు అమ్మేవాళ్లకు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆర్డర్లు లేకపోవడం మామూలే. పెద్ద మోటారు కొన్న ఫ్యాక్టరీ మళ్లీ మూడేళ్లకు గానీ రాదు. పెళ్లి కార్డులు వేసేవాళ్లకైతే మూఢం నెలలు లెక్కలోకే రావు.

మీ పార్టీలు సాధారణంగా ఎన్నాళ్లకు ఒకసారి కొంటారో ట్యాలీలో చూసి, దానికి రెట్టింపు కాలం దాటితే 'స్తబ్దం' అని గుర్తు పెట్టండి. ముగింపు తేదీ మాత్రం వేయొద్దు. ఒకసారి ఫోన్ చేసి, మానేశామని వాళ్లు చెబితేనో, షాపు లేదని తెలిస్తేనో వేయండి.

## 5. పెట్టుకోవాల్సిన గడులు

సంబంధం రికార్డులో ఈ గడులు ఉంటే చాలు:

☐ మొదలైన తేదీ
☐ ముగిసిన తేదీ
☐ తేదీ ఖచ్చితమా, అంచనానా
☐ ముగిసిన కారణం, పై జాబితా నుంచి
☐ ఆ స్థానంలో ఎవరు వచ్చారు
☐ మన వైపు ఎవరు చూసుకునేవారు
☐ బాకీ లేదా వారంటీ ఏమైనా మిగిలిందా
☐ మెసేజ్‌లు పంపొద్దు అనే టిక్

మూడో గడిని చాలామంది పట్టించుకోరు. పాత సంబంధాల్లో సగానికి తేదీ గుర్తుండదు. గుర్తులేదని ఖాళీగా వదిలేస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని నడుస్తున్న సంబంధంగానే లెక్కేస్తుంది. 1900 జనవరి 1 లాంటి ఉత్తుత్తి తేదీ వేస్తే రిపోర్టులన్నీ పాడవుతాయి. ట్యాలీలో చివరి బిల్లు తేదీని ముగింపుగా వేసి 'అంచనా' అని టిక్ పెట్టండి.

సంస్థ మూతపడిందంటే ఇంకా మంచి ఆధారం ఉంది. జీఎస్‌టీ పోర్టల్‌లో లాగిన్ అవసరం లేకుండానే ఏ నంబరైనా వెతకొచ్చు. రిజిస్ట్రేషన్ రద్దయి ఉంటే ఏ తేదీ నుంచి రద్దయిందో అక్కడే కనబడుతుంది. ఆ తేదీ వేసుకోండి.

## 6. మీ సాఫ్ట్‌వేర్‌లో ఇది ఎక్కడ కుదురుతుంది

సేల్స్‌ఫోర్స్: ఒకే మనిషిని ఎక్కువ సంస్థలకు కలిపే సదుపాయాన్ని అడ్మిన్ ఆన్ చేయాలి. చేశాక ఒక్కో సంబంధానికి మొదలు తేదీ, ముగింపు తేదీ, యాక్టివ్ అనే టిక్ ఉంటాయి.

సివిసీఆర్ఎమ్: సంబంధాలను విడిగా ఉంచే పద్ధతి ఇందులో మొదటి నుంచీ ఉంది. ముగింపు తేదీ దాటినవి కింద వేరే పట్టికలోకి వెళతాయి. ట్రస్టులు, సంఘాలు నడిపేవాళ్లకు ఇది బాగా సరిపోతుంది.

జోహో సీఆర్ఎమ్: కాంటాక్ట్‌కు సంస్థ గడి ఒక్కటే. అందులో కొత్త సంస్థ పెడితే పాతది పోతుంది. మీ ప్లాన్‌లో కుదిరితే మనిషికీ సంస్థకూ మధ్య లింకింగ్ మాడ్యూల్ (రెండింటినీ కలిపే విడి పట్టిక) చేయించుకుని తేదీలు అందులో పెట్టండి. కుదరకపోతే 'గత సంస్థలు' అని ఒక గడి చేసి, పేరు, హోదా, తేదీలు ఒక్కో లైనులో రాయండి.

హబ్‌స్పాట్: ఈమెయిల్ అడ్రస్‌లో ఉన్న డొమైన్ (@ తర్వాతి భాగం) చూసి మనిషిని సంస్థకు తనంతట తానే కలుపుతుంది. ఎవరి ఈమెయిల్ మార్చినా, తర్వాత ఏ సంస్థకు కలిసిందో ఒకసారి చూడండి.

గూగుల్ కాంటాక్ట్స్: విడి సంబంధాలు లేవు. లేబుల్స్‌తోనూ కస్టమ్ గడులతోనూ సర్దుకోవాలి. 'ప్రస్తుతం', 'స్తబ్దం', 'గతం' అని మూడు లేబుల్స్ చేయండి. ముగింపు తేదీని తేదీల గడిలో పెట్టి, దాని పేరు మీరే రాయండి. పొరపాటున తీసేసిన పేరు 30 రోజుల దాకా బిన్‌లో ఉంటుంది.

ట్యాలీ: బిల్లులున్న లెడ్జర్‌ని అది తీసేయనివ్వదు, అది మంచికే. సండ్రీ డెటర్స్ (మనకు బాకీ ఉన్నవాళ్ల గ్రూపు) కింద 'గత పార్టీలు' అని ఒక ఉపగ్రూపు చేసి అందులోకి జరపొచ్చు. మీ అకౌంటెంట్‌కు చెప్పకుండా మాత్రం చేయకండి.

## 7. ఒక సంబంధాన్ని ముగించే వరుస

మేనేజర్ మానేశాడన్న కబురు వచ్చింది. అప్పుడు చేయాల్సినవి:

1. మనిషి పేజీ తెరవండి. పేరు మార్చొద్దు.
2. సంస్థతో ఉన్న సంబంధానికి ముగింపు తేదీ, కారణం రాయండి.
3. ఆఫీసు ఈమెయిల్‌ను 'పాత ఈమెయిల్' గడిలోకి జరపండి.
4. ఫోన్ నంబరు ఎవరిదో తేల్చండి. దీని గురించి కింద వివరంగా చెప్తాను.
5. ఆయన పేరు మీద తెరిచి ఉన్న కొటేషన్లు, ఫాలో-అప్‌లు కొత్త మనిషికి మార్చండి. ముగిసిన కొటేషన్లు ఆయన పేరు మీదే ఉండనివ్వండి.
6. కొత్త మనిషికి కొత్త రికార్డు తెరవండి. 'ఆ స్థానంలో వచ్చినవారు' గడిలో కలపండి.
7. రేట్ల లిస్టు పంపే గ్రూపుల నుంచి పాత మనిషిని తీయండి.

ఏడోది అదే రోజు చేయండి. మా దగ్గర ఒకసారి రెండు వారాలు ఆలస్యమైంది. ఈలోపు ఆ మేనేజర్ మా లైన్‌లోనే ఉన్న ఇంకో డీలర్ దగ్గర చేరాడు. మా కొత్త రేట్లు ఆయనకు నేరుగా వెళ్లాయి. ఆయన తప్పేమీ లేదు, పంపింది మేమే.

ఇక ఫోన్ నంబరు. మన దగ్గర చాలా సంస్థలు సిమ్ ఆఫీసు పేరు మీద ఇస్తాయి. మనిషి వెళ్లినా నంబరు సీటుతో ఉండిపోతుంది. అలాంటి నంబరును సంస్థ రికార్డులో 'పర్చేజ్ సీటు నంబరు' అని రాసి, మనిషి రికార్డు నుంచి తీసేయాలి. సొంత నంబరైతే మనిషితోనే వెళుతుంది. మొదటిసారి నంబరు తీసుకునేటప్పుడే "సార్, ఇది మీ సొంత నంబరా, కంపెనీదా?" అని అడిగితే తర్వాత టెన్షన్ ఉండదు.

మూడో రకం కూడా ఉంది. డిస్‌కనెక్ట్ అయిన మొబైల్ నంబరును కనీసం 90 రోజులు పక్కన పెట్టి, తర్వాత వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. రెండేళ్ల నుంచి వాడని నంబరుకు బాకీ వివరాలు మెసేజ్ పెడితే అది ఎవరో తెలియని మనిషికి చేరొచ్చు. పనిచేయని నంబరును ఫోన్ గడిలో ఉంచకుండా నోట్స్‌లోకి మార్చండి. ఫోన్ గడిలో ఉన్నంతకాలం వాట్సాప్ దాన్ని ఆ పేరుతోనే చూపిస్తుంది.

## 8. డూప్లికేట్లు ఇప్పుడు కలపండి

తేదీలు వేయడం అయ్యాకే ఈ పని. ముందే కలిపితే పాత ఉద్యోగం వివరాలు కొత్త ఉద్యోగం వివరాల కింద మునిగిపోతాయి.

మన పేర్లతో ఉన్న చిక్కు సాఫ్ట్‌వేర్‌కు అర్థం కాదు. శ్రీనివాస్ అనే పేరును ఇంగ్లిష్‌లో ఒకరు ఐ ఒక్కటి పెట్టి రాస్తారు, ఒకరు ఇ రెండు పెడతారు, ఇంకొకరు చివర రావు కలుపుతారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. లక్ష్మిలో కొందరు కె-ఎస్-హెచ్ రాస్తే కొందరు ఎక్స్‌తో సరిపెడతారు. సంస్థల పేర్లేమో సగం 'శ్రీ'తోనో 'సాయి'తోనో మొదలవుతాయి. కొన్నింటికి ముందు మెస్సర్స్ కూడా. అక్షరక్రమంలో వెతికితే ఏదీ దొరకదు.

కాబట్టి పేరును కాదు, నంబరును ఆధారంగా తీసుకోండి. సంస్థలకు జీఎస్‌టీ నంబరు, మనుషులకు సొంత మొబైల్. ఆఫీసు ల్యాండ్‌లైన్ ఒకటే అయినంత మాత్రాన ఇద్దరు మనుషుల్ని కలపొద్దు. ఆ నంబరు ఆ ఆఫీసులో అందరిదీ. తండ్రీకొడుకులు ఒకే షాపు నడిపే చోట ఇంకా జాగ్రత్త. ఒకే ఇంటిపేరు, ఒకే చిరునామా, చాలాసార్లు ఒకే ఈమెయిల్. సాఫ్ట్‌వేర్ కలపమని సూచిస్తుంది. కలిపితే రిటైరైన తండ్రి చరిత్ర కొడుకు పేరు మీదకి వచ్చేస్తుంది.

'అన్నీ కలుపు' అనే బటన్ నొక్కొద్దు. రోజుకు ఇరవై చొప్పున కళ్లతో చూసి కలపండి.

## 9. శుభాకాంక్షల లిస్టు విడిగా

మూడేళ్ల కిందట ఉగాది రోజు పొద్దున్నే కాంటాక్ట్స్‌లో ఉన్న అందరికీ ఒకేసారి శుభాకాంక్షలు పంపాను. పది నిమిషాల్లో ఒక పాత పార్టీ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "బాబూ, ఆయన పోయి ఎనిమిది నెలలైంది. నీ మెసేజ్ నేనే చూశాను" అన్నారు ఆవిడ. కోప్పడలేదు. "క్షమించండమ్మా" అనడం తప్ప నాకు మాట రాలేదు. ఏడాది తిరగని ఇంట్లో పండగ ఉండదు. ఆ ఇంటికి నేను పండగ శుభాకాంక్షలు పంపాను.

ఆయన పోయిన సంగతి మా సేల్స్ కుర్రాడికి తెలుసు. వెళ్లి పలకరించి కూడా వచ్చాడు. కానీ ఎవరూ సాఫ్ట్‌వేర్‌లో రాయలేదు.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. అందరిలోంచి కొందరిని తీసేయడం కాదు, నడుస్తున్న సంబంధాలున్న వాళ్లతో లిస్టు కొత్తగా తయారవ్వాలి. ఫిల్టర్‌లో మూడు షరతులు ఉండాలి: ముగింపు తేదీ ఖాళీ, 'మెసేజ్‌లు పంపొద్దు' టిక్ లేదు, గత ఏడాదిన్నరలో ఒక్కసారైనా మాట్లాడాం. పండగకు రెండు రోజుల ముందు ఆ లిస్టును సేల్స్ వాళ్లతో ఒకసారి చదివించండి.

కాలం చేసిన వారి రికార్డు విషయంలో ఇంకో మాట. పేరు చివర ఏమీ తగిలించొద్దు. ముగింపు తేదీ, కారణం, మెసేజ్ టిక్ చాలు. వ్యాపారం ఎవరు చూస్తున్నారో ఆ కుటుంబ సభ్యుడికి వేరే రికార్డు తెరవండి. తేదీని మీ క్యాలెండర్‌లో ఉంచుకుంటే సంవత్సరీకానికి పలకరించొచ్చు.

## 10. నోట్స్‌లో ఏం రాయాలి, ఎన్నాళ్లు ఉంచాలి

రాయాల్సింది జరిగిన విషయం. '2022 నవంబరులో వచ్చిన రెండు మోటార్లలో ఒకదాని వైండింగ్ కాలింది, మార్చి ఇచ్చాం, ఆ తర్వాత ఆర్డర్ లేదు' అన్నది నోట్. 'మనిషి మంచివాడు కాదు' అన్నది నోట్ కాదు. రేపు ఆ మనిషే మీ పక్కన కూర్చుని స్క్రీన్ చూసినా ఇబ్బంది లేనట్టు రాయండి. ఆరోగ్యం, కుటుంబ తగాదాలు, కులం వంటివి అసలు రాయొద్దు.

వ్యక్తుల వివరాలకు ఇప్పుడు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, నిబంధనలు దశలవారీగా అమలవుతున్నాయి. తన వివరాలు సరిదిద్దమనీ తీసేయమనీ అడిగే హక్కు మనిషికి ఆ చట్టం ఇస్తుంది. అయితే వేరే చట్టం ఉంచమన్నవి ఉంచొచ్చు. అందుకే ఏది ఎందుకు ఉంచుతున్నారో మీకు తెలిసి ఉండాలి.

- జీఎస్‌టీ లెక్కలు, బిల్లులు: ఆ ఏటి వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు. 2023-24 రిటర్నుకు గడువు 2024 డిసెంబరు 31, కాబట్టి 2030 డిసెంబరు 31 దాకా.
- కంపెనీలైతే ఖాతా పుస్తకాలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు.
- రావాల్సిన బాకీ: దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ల గడువు. ఆ గడువులోపు బాకీ ఉందని ఒప్పుకుంటూ రాసిన ఈమెయిల్ ఉంటే దాన్ని రికార్డుకు జత చేయండి. గడువు లెక్క అక్కడి నుంచి మారొచ్చు, మీ వకీలును అడగండి.

ఈ అవసరాలేవీ లేని మనిషి, అంటే ఎప్పుడో ఎగ్జిబిషన్‌లో కార్డు ఇచ్చి మళ్లీ మాట్లాడని వాళ్లు, లిస్టులో ఉండక్కర్లేదు. అలాంటివి నిజంగానే తీసేయొచ్చు. నేను తీసేయమని చెప్పేది ఈ ఒక్క రకమే.

## 11. తరచూ జరిగే తప్పులు, సవరణలు

పేరు మీద పేరు రాసేశారు. బ్యాకప్ ఫైల్‌లో పాత పేరు వెతకండి. కొత్త మనిషికి విడి రికార్డు తెరిచి, పాత రికార్డుకు పాత పేరు తిరిగి పెట్టండి. చరిత్రను కొత్త రికార్డుకు మోయొద్దు, పాతదానితోనే ఉండనివ్వండి.

పేరు చివర 'పాత', 'ఓల్డ్', 'వద్దు' అని తగిలించారు. ఇది చాలా ఫోన్లలో కనబడుతుంది. ఆ మాటతో వెతికి ఒక లిస్టు తీసి, కారణం గడిలోకి మార్చి, పేరు శుభ్రం చేయండి. పొరపాటున ఆ పేరుతోనే కొటేషన్ ప్రింటయితే పార్టీ మనసు నొచ్చుకుంటుంది.

తప్పుగా కలిపేశారు. గూగుల్‌లో మార్పులను 30 రోజుల్లోపు వెనక్కి తిప్పే వీలుంది, కానీ ఆలోపు చేసిన మిగతా మార్పులూ పోతాయి. అందుకని ముందు ఇవాళ్టి లిస్టు ఇంకో బ్యాకప్ తీసుకోండి.

ముగింపు తేదీ వేశారు, ఆటోమేటిక్ రిమైండర్లు ఆపలేదు. వార్షిక మెయింటెనెన్స్ గడువు తీరిన పార్టీకి సర్వీస్ మెసేజ్‌లు వెళుతూనే ఉంటాయి. ముగింపు తేదీ వేసిన రోజే ఆ రికార్డు మీద ఉన్న టాస్కులు, వర్క్‌ఫ్లోలు (తమంతట తామే నడిచే పనులు) చూడండి.

ఉద్యోగి ఫోన్‌తో పాటు కాంటాక్ట్‌లు వెళ్లిపోయాయి. సేల్స్ వాళ్ల ఫోన్లలో ఆఫీసు గూగుల్ ఖాతా పెట్టించి, పార్టీల నంబర్లు ఆ ఖాతాలోనే సేవ్ అయ్యేలా సెట్ చేయండి. సిమ్‌లోనో, సొంత ఖాతాలోనో సేవ్ అయినవి ఆఫీసుకు చేరవు.

## 12. నెలకు అరగంట

మొత్తం ఒకేసారి చేయాలని కూర్చోకండి. ట్యాలీలో ఎక్కువ వ్యాపారం చేసిన మొదటి యాభై పార్టీలతో మొదలుపెట్టండి. ఆ తర్వాత ప్రతి నెలా మొదటి శనివారం:

☐ తిరిగొచ్చిన ఈమెయిల్స్ చూసి, ఆ మనుషులు ఉన్నారో మారారో కనుక్కోవడం
☐ ఆ నెల ముగిసిన సంబంధాలకు కారణం రాశామా
☐ 'స్తబ్దం' లిస్టులో ఐదుగురికి ఫోన్
☐ కొత్త బ్యాకప్

మార్చి 31 తర్వాత ట్యాలీ బాకీల లిస్టునీ సాఫ్ట్‌వేర్‌లోని 'గతం' లిస్టునీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింట్లోనూ ఉన్న పేర్లు వసూళ్లు చూసే మనిషికి ఇవ్వండి.

ఇక ఆ ఫోన్లలో ఎవరో ఒకరు మళ్లీ వస్తామంటారు. అప్పుడు పాత వరుసలోని ముగింపు తేదీని తీసేయాలనిపిస్తుంది, తీయొద్దు. ఇవాళ్టి తేదీతో కొత్త వరుస వేయండి. పాత వరుస కింద మిగిలిన బాకీ, పాత క్రెడిట్ రోజులు, ఎందుకు విడిపోయామన్న నోట్, మూడూ చదివాకే మొదటి బిల్లు కొట్టండి.